జీడితోటలో హెడ్ లైటు ఆరిపోతోంది: తప్పు బ్యాటరీదా, కనెక్షన్‌దా?

ఉద్దానం కుర్రోడు, వజ్రపుకొత్తూరు మండలం
అందరికీ నమస్కారం. జీడిపిక్కల సీజన్ కదా, మా నాన్న తెల్లవారుజామున నాలుగున్నరకే తోటకి బయల్దేరతారు. ఎండ ఎక్కకముందే రాలిన పిక్కలు ఏరుకుని ఇంటికి వచ్చేయాలని ఆయన పట్టుదల. తలకి కట్టుకునే హెడ్ లైటు ఒకటి ఉంది. వెనక డబ్బాలో 18650 లిథియం సెల్ ఒకటి పడుతుంది, అక్కణ్నుంచి మెలికల వైరు ముందున్న లైటుకి వస్తుంది. రెండేళ్లు బాగా పనిచేసింది. ఇప్పుడు పది నిమిషాలు వెలిగి, తల వంచగానే మసకబారి ఆరిపోతోంది. డబ్బా మీద చేత్తో తడితే మళ్లీ వెలుగుతుంది.

బ్యాటరీ అయిపోయిందనుకుని పలాసలో కొత్త సెల్ కొన్నాను. దాంతోనూ అంతే. మీటరు పెట్టి చూస్తే రెండు సెల్స్‌లోనూ 4 వోల్టుల పైనే ఉంది.

మా వైపు తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని మీకు తెలిసిందే. మొన్న లైటు ఆరిపోయాక నాన్న ఒక చెట్టుకి ఆనుకుని వెలుతురు వచ్చేదాకా అలాగే నిలబడ్డారట. ఇంటికొచ్చి మామూలుగానే చెప్పారు గానీ, నాకు అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. కొత్త లైటు కొంటాను. కానీ ఇది ఎందుకు ఆగిపోతోందో తెలుసుకోకపోతే రెండేళ్లకి కొత్తదీ ఇలాగే అవుతుంది కదా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

రాజాం రిపేరు షాపు
తమ్ముడూ, తడితే వెలుగుతోందంటే తొంభై పాళ్లు కనెక్షనే. మా షాపుకి "బ్యాటరీ పోయింది" అని వచ్చే టార్చీల్లో చాలావాటికి సెల్ బాగానే ఉంటుంది. రెండు ప్రశ్నలు. పాత సెల్‌కి పైన బొడిపె ఉందా? కొత్త సెల్ పైన చదునుగా ఉందా? రెండూ పక్కపక్కన నిలబెట్టి చూడు.

ఉద్దానం కుర్రోడు
అన్నయ్యా, మీరు చూసినట్టే చెప్పారు. పాతదానికి బొడిపె ఉంది. కొత్తది చదును. ఎత్తులో కూడా కొత్తది కొంచెం తక్కువ.

రాజాం రిపేరు షాపు
అదొక కారణం. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. బొడిపె ఉన్నవి దానికంటే ఒకట్రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటాయి. లోపల రక్షణ సర్క్యూట్ కూడా ఉంటే దాదాపు 70 వరకూ పోతాయి. నీ డబ్బా పొడుగు సెల్‌కి చేసినదై ఉంటుంది. చదును సెల్ పెడితే స్ప్రింగు సరిగ్గా నొక్కదు. కానీ బొడిపె ఉన్న పాత సెల్‌తో కూడా అదే గొడవ అంటున్నావు కాబట్టి లోపల ఇంకేదో ఉంది.

కొత్త సెల్ మీద ఎన్ని ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) అని రాసి ఉంది? 9900 అని ఉంటే నమ్మకు. మంచి కంపెనీల 18650 సెల్ అయినా మామూలుగా సుమారు 3500 ఎంఏహెచ్ దాకే వస్తుంది. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూడు. అసలైనది 45 గ్రాముల అటూ ఇటూ తూగుతుంది. 30 గ్రాములే ఉంటే మోసం.

పొందూరు వాసి
నాది అలాగే ఆరిపోతుంటే చాక్లెట్ రేకు మడతపెట్టి సెల్ పైన పెట్టాను. ఏడాది నుంచీ బాగానే ఉంది. అంత దూరం ఆలోచించక్కర్లేదు.

ఐటీఐ మాస్టారు, విజయనగరం
పొందూరు వాసి గారూ, దయచేసి ఆ రేకు ఇవాళే తీసేయండి. మీ మీద కోపంతో కాదు, భయంతో చెబుతున్నాను. ఈ సెల్‌కి ఒళ్లంతా, అంటే ప్లాస్టిక్ తొడుగు కింద ఉన్న ఉక్కు డబ్బా మొత్తం, నెగటివే. పైన ప్లస్ బొడిపెకీ ఆ డబ్బా అంచుకీ మధ్య ఉండేది ఒక సన్నని బిళ్ల, దాని మీద తొడుగు అంచు, అంతే. రేకు పక్కకి జరిగి ఆ తొడుగుని కోసిందంటే ప్లస్సూ మైనస్సూ నేరుగా కలిసిపోతాయి. అప్పుడు అది టార్చి కాదు, తలకి కట్టుకున్న నిప్పు.

ఇక ఉద్దానం బాబుకి. నేను ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పిల్లలకి చెప్పిన మొదటి పాఠం ఇదే: లోడు లేకుండా, అంటే కరెంటు పారనప్పుడు, కొలిచిన వోల్టేజి నమ్మకూడదు. సెల్‌ని బయటకు తీసి మీటరు పెడితే 4 వోల్టులు చూపించడంలో వింత లేదు. వంశధార కాలువ మీద షట్టరు దగ్గర చెత్త పేరుకుందనుకో. నీరు పారనంతసేపూ రెండు పక్కలా మట్టం ఒక్కటే. పారడం మొదలయ్యాక చూడు, చెత్తకి దిగువన మట్టం పడిపోతుంది. కనెక్షన్‌లో లోపమూ అంతే. కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది.

లెక్క చిన్నదే. తుప్పు పట్టిన చోట అర ఓము అడ్డు ఉందనుకో. లైటు ఒక ఆంపియర్ తీసుకుంటే అక్కడే అర వోల్టు పోతుంది. తెల్ల ఎల్ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి. సెల్ నిండుగా ఉంటే 4.2, వాడేకొద్దీ 3.7, 3.5 అవుతుంది. అందులో అర వోల్టు దారిలోనే పోతే ఇంక మిగిలేదేముంది? అందుకే నీ లైటు మొదట పది నిమిషాలు వెలిగి తర్వాత మొరాయిస్తోంది.

పని ఇలా చెయ్యి. సెల్ పెట్టి, మూత తెరిచే ఉంచి, లైటు వెలిగించు. మీటరుని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టు. ముందు సెల్ రెండు చివర్ల మీదే కొలువు. తర్వాత ముందు లైటు విప్పి, వైరు అతికిన చోట కొలువు. రెండింటి మధ్య తేడా ఎంతుందో చెప్పు. ఆ తర్వాత మీటరు వైరు ముల్లు ఒకటి సెల్ అడుగున, ఇంకొకటి స్ప్రింగుకి వైరు అతికిన చోట పెట్టు. మంచి కనెక్షన్ అయితే అక్కడ దాదాపు సున్నా రావాలి. వోల్టేజి కనిపిస్తే దొంగ అక్కడే ఉన్నట్టు. కొలిచేటప్పుడు ముల్లు జారి సెల్ పై అంచుకి తగలకుండా చూసుకో.

కళింగపట్నం కెరటం
మాస్టారూ, మాకు సముద్రం మీద ఇదే బాధ. ఉప్పుగాలికి ఏ టార్చీ ఆరు నెలలు మించి సరిగ్గా ఉండదు. స్ప్రింగుల మీద పచ్చగానో తెల్లగానో పొర కడుతుంది. చాకుతో గీకితే పోతుంది గానీ పది రోజుల్లో మళ్లీ వచ్చేస్తుంది, ముందుకంటే ఎక్కువ. ఎందుకంటారు?

ఐటీఐ మాస్టారు, విజయనగరం
గీకినప్పుడు పైనున్న నికెల్ పూత కూడా పోతుంది బాబూ. కింద ఉక్కుకి నేరుగా గాలి తగులుతుంది, ఇంక తుప్పుకి అడ్డేముంది? ఇంకో సంగతి, ఉప్పు గాల్లో చెమ్మని లాక్కుంటుంది. పొరని గీకినా ఉప్పు అక్కడే ఉంటే తడి మళ్లీ చేరుతుంది. అందుకే సెల్ బయటకు తీసి, ముందు మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఉప్పు తుడవండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది రుద్దండి. పూర్తిగా ఆరనివ్వండి. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు ఉంటుందే, చదునుగా ఉండే తగరపు బిళ్లలకి అది చాలు. ఆరాక చాలా పల్చగా వేజలైన్ రాస్తే గాలీ తడీ తగలవు. స్ప్రింగు నొక్కిన చోట ఆ పొర దానంతటదే పక్కకి తప్పుకుంటుంది కాబట్టి కరెంటుకి అడ్డు రాదు. మూత దగ్గరుండే రబ్బరు రింగుకి మాత్రం వేజలైన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. దానికి సిలికాన్ గ్రీజు రాయండి.

మామూలు రేడియో సెల్స్ కారితే సంగతి వేరు. ఆల్కలైన్ సెల్ నుంచి వచ్చేది క్షారం. దానికి వెనిగరో నిమ్మరసమో రెండు చుక్కలు వేసి తుడిస్తే విరిగిపోతుంది. లిథియం సెల్ కారినా, ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా శుభ్రం చేసే పని పెట్టుకోకండి. దాని పని అయిపోయినట్టే.

ఉద్దానం కుర్రోడు
మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. లైటు వెలుగుతుండగా సెల్ దగ్గర 3.92. ముందు లైటు దగ్గర 3.05. నా కళ్లని నేనే నమ్మలేదు, మూడుసార్లు చూశాను. దాదాపు 0.87 వోల్టులు దారిలోనే పోతోంది. సెల్ అడుగుకీ, స్ప్రింగు వైరు అతికిన చోటుకీ మధ్యే 0.62 చూపించింది.

స్ప్రింగు బయటకు తీసి చూస్తే పైకి బాగానే ఉంది గానీ, దాని అడుగున రివెట్ కొట్టిన చోట ఎర్రగా తుప్పు. వేలితో కదిపితే కొంచెం తిరుగుతోంది కూడా. ఇది మాకు అర్థమయ్యే అవకాశమే లేదు, పై నుంచి చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది.

రాజాం రిపేరు షాపు
అదే! స్ప్రింగుని నమ్మకు. చాలా టార్చీల్లో ఉండేది ఉక్కు స్ప్రింగు, అన్ని చుట్లు తిరిగి కరెంటు రావాలి, చివర రివెట్ వదులైతే ఇంక చెప్పక్కర్లేదు. మేం చేసే పని ఏంటంటే, సన్నని రాగి తీగల వైరు ముక్క తీసుకుని, ఒక చివర స్ప్రింగు పై చుట్టుకి, రెండో చివర నేరుగా వైరు అతికిన బిళ్లకి టంకం వేస్తాం. వైరు స్ప్రింగు లోపల నుంచి పోవాలి, కొంచెం వదులుగా ఉండాలి, స్ప్రింగు అణిగినప్పుడు దానికి అడ్డం రాకూడదు. అప్పుడు స్ప్రింగు పని నొక్కడం ఒక్కటే, కరెంటు మొత్తం రాగిలో పోతుంది. టంకం వేసేటప్పుడు సెల్ బయట ఉండాలి.

సెల్‌కి మాత్రం ఎప్పుడూ నేరుగా టంకం వెయ్యకు. ఆ వేడికి లోపల పొరలు పాడవుతాయి. సెల్స్ కలిపి ప్యాకు కట్టాలంటే నికెల్ పట్టీ పెట్టి స్పాట్ వెల్డింగే చెయ్యాలి.

నాగావళి గట్టు, పాలకొండ
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. మాస్టారూ, నా స్ప్రేయరుకీ ఇదే లెక్క పనిచేస్తుందా? పదహారు లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు, 12 వోల్టులు 8 ఏహెచ్ బ్యాటరీ. మా సంఘంలో నలుగురం వంతులవారీగా వాడుకుంటాం. రాత్రంతా ఛార్జింగు పెట్టినా రెండు ట్యాంకులకే మోటారు మూలుగుతోంది, మందు తుంపరలా రాకుండా చుక్కలుగా పడుతోంది. కొత్త బ్యాటరీ కొందామని అందరం డబ్బులు వేసుకుంటున్నాం.

ఐటీఐ మాస్టారు, విజయనగరం
అమ్మా, డబ్బులు కట్టే ముందు ఒక్క కొలత. నీళ్లు పోసి మోటారు ఆన్ చేసి, బ్యాటరీ టెర్మినళ్ల మీద చూడు, తర్వాత మోటారు వైర్ల దగ్గర చూడు. బ్యాటరీ దగ్గరే 10 వోల్టులకి పడిపోతే బ్యాటరీ అయిపోయినట్టు, కొనాల్సిందే. బ్యాటరీ దగ్గర 12 నిలబడి మోటారు దగ్గర మాత్రం 10 ఉంటే కొత్త బ్యాటరీ పెట్టినా ఉపయోగం లేదు. బ్యాటరీకి తగిలించే చదును క్లిప్పులు చూడు. వదులైతే అక్కడ వేడెక్కి, నల్లబడి, పక్కనున్న ప్లాస్టిక్ కూడా కరుగుతుంది. తెల్ల పొడి ఉంటే ముందు మైనస్, తర్వాత ప్లస్ క్లిప్పు తీసేసి, వంటసోడా కలిపిన నీళ్లతో తడిపిన గుడ్డతో తుడువు. పురుగుమందు మోసే యంత్రం కదా, చేతులకి గ్లౌజులు వేసుకో తల్లీ.

దుబాయ్ రిగ్గర్, సొంత ఊరు సోంపేట
అందరికీ నమస్తే. నాదీ బ్యాటరీ కనెక్షన్ గొడవే, కాకపోతే వస్తువు వేరు. తిట్టకుండా చెప్పండి. నేను సిగరెట్ మానాలని ఇక్కడ ఒక ఈ-సిగరెట్ కొన్నాను. కలం లాంటి బ్యాటరీ, దాని మీద మర తిప్పి బిగించే కార్ట్రిడ్జ్. ఛార్జింగు లైటు బాగానే వస్తోంది. కార్ట్రిడ్జ్ బిగించి బటన్ నొక్కితే మాత్రం లైటు టపటపా కొట్టుకుని ఆగిపోతోంది. రూమ్‌లో ఇంకొకరి కార్ట్రిడ్జ్ పెట్టినా అంతే. మూడు వారాల్లో సెలవుకి ఇంటికొస్తున్నాను, ఈలోగా బాగవుతుందా?

రాజాం రిపేరు షాపు
వేరేవాళ్ల కార్ట్రిడ్జ్‌తోనూ అంతే అంటే తప్పు బ్యాటరీ వైపు ఉంది. ఆ మరని 510 అంటారు. మధ్యలో చిన్న పిన్ను ఉంటుంది, అది ప్లస్. చుట్టూ ఉన్న మర మైనస్. కార్ట్రిడ్జ్‌ని గట్టిగా బిగిస్తే ఆ పిన్ను లోపలికి దిగిపోతుంది, ఇంక కార్ట్రిడ్జ్ అడుగు దానికి అందదు. పనిచేయట్లేదని ఇంకా గట్టిగా బిగిస్తారు, ఇంకా దిగిపోతుంది. ముందు బటన్ గబగబా ఐదుసార్లు నొక్కి ఆఫ్ చెయ్యి, చాలావాటికి అదే పద్ధతి. దూది పుల్లకి కొంచెం ఆల్కహాల్ అద్ది మరల మధ్య చేరిన జిగురు తుడువు, ఆ ద్రవం కారి అక్కడ గడ్డకడుతుంది. ఆరాక చెక్క పళ్లపుల్లతో పిన్ను అంచు పట్టుకుని వెంట్రుకవాసి పైకి లేపు. సూది, పిన్నీసు వాడావో, పిన్నుకీ మరకీ కలిసి షార్ట్ అవుతుంది. తర్వాత వేళ్లతో తగిలేదాకా తిప్పి ఆపెయ్యి, బిగించకు.

ఐటీఐ మాస్టారు, విజయనగరం
బాబూ, తిట్టడానికి కాదు గానీ ఒక మాట వినాలి. బాగైనా, బాగవకపోయినా దాన్ని విమానంలో ఇంటికి తేవద్దు. మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో ఈ-సిగరెట్లు నిషేధించారు, ఆ డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సెలవు మీద వచ్చేవాడివి, అమ్మానాన్నల దగ్గరికి రావాలి గానీ కస్టమ్స్ బల్ల ముందు నిలబడకూడదు.

సిగరెట్ మానాలన్న నీ పట్టుదల మాత్రం వదలకు. ఆ పొగలోనూ నికోటిన్ ఉంటే వ్యసనం తీరదు, చేతిలో వస్తువు మారుతుంది అంతే. ఊరొచ్చాక డాక్టరుని అడుగు. 1800 112 356 అని పొగాకు మానేవారికి దేశమంతటికీ ఉచిత ఫోన్ నంబరు ఉంది.

దుబాయ్ రిగ్గర్, సొంత ఊరు సోంపేట
మాస్టారూ, చట్టం సంగతి నిజంగా తెలియదు. ఇక్కడ షాపుల్లో బాహాటంగా అమ్ముతారు కాబట్టి అక్కడా మామూలే అనుకున్నాను. పిన్ను లేపితే పనిచేసింది, రాజాం అన్నకి థాంక్స్. అయినా ఇక్కడే వదిలేసి వస్తాను. ఆ నంబరు రాసుకున్నాను.

ఒక డౌటు. పవర్ బ్యాంకు, నాన్న కోసం కొన్న నాలుగు 18650 సెల్స్ తేవచ్చా?

రాజాం రిపేరు షాపు
విడి సెల్స్, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకో, చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు. ఒక్కో సెల్‌నీ వేరే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు, లేదా రెండు చివర్లకీ టేపు వెయ్యి. తాళాలు, చిల్లర ఉన్న జేబులో మాత్రం వెయ్యకు. ఎన్ని తేవచ్చో మీ విమానం వాళ్లని ఒకసారి అడుగు.

నాగావళి గట్టు, పాలకొండ
మాస్టారూ, బ్యాటరీ దగ్గర 12.2 ఉంది, మోటారు దగ్గర 10.1. ప్లస్ క్లిప్పు తీసి చూస్తే లోపల బొగ్గులా నల్లగా ఉంది, పక్కన ప్లాస్టిక్ కొంచెం కరిగింది. కొత్త క్లిప్పు వేయించాం, మా పక్కింటి మరిది వైరు కూడా కొంచెం కోసి కొత్తగా అతికాడు. ఇప్పుడు మోటారు దగ్గర 11.9. ఉదయం నుంచి ఆరు ట్యాంకులు కొట్టాం, ఇంకా తగ్గలేదు. బ్యాటరీకని వేసుకున్న డబ్బులు ఎవరివి వాళ్లకి ఇచ్చేశాను.

ఉద్దానం కుర్రోడు
రాజాం అన్న చెప్పినట్టు రాగి వైరు వేశాను. టంకం వేయడం మా ఊళ్లో మైకు సెట్ల కుర్రాడి దగ్గర చేయించాను. స్ప్రింగు దగ్గర 0.62 ఉన్నది 0.03కి వచ్చింది. ముందు లైటు దగ్గర 3.58 వస్తోంది. వెలుతురు చూసి అమ్మ వంటింట్లోంచి బయటకు వచ్చింది, కొత్తది కొన్నావా అని.

కానీ పూర్తిగా కాలేదు. తల ఎడమ పక్కకి తిప్పితే ఒక్క క్షణం మినుకుమంటోంది. ఇంకా 0.2 పైన ఎక్కడో పోతోంది.

ఐటీఐ మాస్టారు, విజయనగరం
ఇక మిగిలింది వైరు. డబ్బాలోంచి బయటకు వచ్చే చోట వేళ్లతో పట్టుకుని, లైటు వెలుగుతుండగా అటూ ఇటూ వంచి చూడు. రోజూ వంగేది అక్కడే. పైన రబ్బరు బాగానే ఉంటుంది, లోపల సన్నని తీగలు ఒక్కొక్కటే తెగి, చివరికి రెండో మూడో మిగులుతాయి. అవి కలిసినప్పుడు వెలుగు, విడిపోతే చీకటి. రెండు సెంటీమీటర్లు కోసేసి కొత్త చివరతో అతికించు. డబ్బా లోపల వైరుకి ఒక ముడి వేస్తే లాగినప్పుడు బరువు టంకం మీద పడదు.

ఉద్దానం కుర్రోడు
దొరికింది మాస్టారూ. కోసి చూస్తే పదిహేను తీగల్లో నాలుగే మిగిలాయి. కొత్తగా అతికి, ముడి కూడా వేశాం. ఇప్పుడు సెల్ దగ్గర 3.86, లైటు దగ్గర 3.76. అరగంట సేపు తలకి కట్టుకుని గడ్డివాము చుట్టూ తిరిగాను, వంగాను, ఎగిరాను. ఒక్కసారి కూడా ఆరలేదు. కొత్త సెల్‌ని కిరాణా కొట్టులో తూచాం, 46 గ్రాములు. అది మంచిదే, కాకపోతే ఈ డబ్బాకి సరిపడదు. పాత బొడిపె సెల్‌నే వాడుతున్నాం.

2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. తోటలు మొత్తం పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నాన్న ఒక టార్చీ పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం నాకింకా గుర్తు. ఆయన చేతిలో లైటు ఆరిపోకూడదని నాకెందుకు అంత పట్టుదలో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

కళింగపట్నం కెరటం
బాగుంది తమ్ముడూ. నాన్నకి జేబులో ఇంకో చిన్న లైటు కూడా ఇచ్చి పంపు. సముద్రం మీదకి మేం ఎప్పుడూ ఒక్క లైటుతో వెళ్లం.

ఉద్దానం కుర్రోడు
ఇవాళ రెండు లైట్లతోనే వెళ్లారు అన్నా. ఏడు గంటలకి పిక్కల బస్తాతో తిరిగొచ్చారు, లైటు దారంతా వెలిగిందట.

సాయంత్రానికి మా అరుగు మీద ఇంకో మూడు హెడ్ లైట్లు చేరాయి, చుట్టుపక్కల వాళ్లవి. ఒకదాంట్లో సెల్ తొడుగు ప్లస్ దగ్గర చిరిగి ఉంది. దాన్ని వెలిగించలేదు, చివర్లకి టేపు వేసి విడిగా ఇసుక డబ్బాలో పెట్టాను. మిగతా రెండూ రేపు కొలిచి ఇక్కడే రాస్తాను.